కన్నులు లేని జెర్రులు

తొలకరి జల్లు పడగానే గోడవారనో, కట్టెల మోపు అడుగునో, తూము దగ్గరో జెర్రి కనిపించటం తెలుగుదేశంలో ప్రతి ఇంటివారికీ అనుభవమే. చూచినవారి దృష్టి అంతా దాని కాళ్ళ మీదనే నిలుస్తుంది. జెర్రికి ఒక కాలు విరిగితే ఏమి అని సామెత కూడ పుట్టింది. సంస్కృతంలో దానిని శతపది అన్నారు. కాని సరిగ్గా నూరు కాళ్ళు గల జెర్రి ఉండటానికి వీలు లేదు. పెరిగిన జెర్రి కాళ్ళ జతలను లెక్కపెడితే, ఎక్కడో ఒక వికృతి తప్ప, ఎప్పుడూ బేసి సంఖ్యే వస్తుంది. రాళ్ళ క్రింద ఉండే పొట్టి జెర్రులకు 15 జతలు. మన ఇళ్ళలోకి వచ్చే పెద్ద జెర్రికి 21. మట్టిలో దారంలా సాగి తిరిగే సన్నని జెర్రులకు 27 మొదలు 191 జతల వరకు. నూరు కాళ్ళంటే ఏభై జతలు. ఏభై సరి సంఖ్య!

కాళ్ళ సంగతి ఇట్లా ఉండగా, జెర్రికి కన్నులు ఉన్నవా అని అడిగేవారు అరుదు. పెద్ద జెర్రి తలకు ఇరుప్రక్కల నాలుగేసి చిన్న కన్నులు ఉంటవి. వెలుగుకు చీకటికి భేదం తెలుసుకోవటానికి అవి చాలు. కాని ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన మూడు వేలకు పైబడిన జెర్రి జాతులలో వెయ్యికి మించినవి కేవలం మట్టిలో బ్రతికే సన్నని జెర్రులు. జియోఫైలోమార్ఫా అనే ఆ వర్గంలో ఒక్కదానికైనా కన్ను లేదు. క్రిప్టాప్స్ అనే మరొక ప్రజాతికీ లేదు. ఆకులు కుళ్ళిన తడిమట్టిలో, వ్రేళ్ళ సందులలో, రాతి నెరియలలో అవి మీసాలతో తడుముకొంటూ వానపాములను, పురుగుల పిల్లలను పట్టి, మొదటి కాళ్ళ జత మారి ఏర్పడిన విషపు కొండ్లతో చంపి తింటవి.

ఈ చిన్న విషయానికి సరియైన విలువ తెలియటానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది. కారణం, చీకటి జీవుల అధ్యయనం మట్టిలో ప్రారంభం కాలేదు. అది గుహలో ప్రారంభమైంది. కాలిక్రింది నేలను వదలి మనిషి దివిటీ పట్టుకొని ముందు కొండ కడుపులోకి పోయినాడు.

ఆ గుహ నేటి స్లొవేనియా దేశంలోని పోస్తోయ్నా గుహ. ఆ ప్రాంతమంతా సున్నపురాయి. వానలకు నేల క్రిందనుంచి తెల్లని బల్లివంటి జంతువులు ఊటలతో కొట్టుకొని వచ్చేవి. పల్లెటూరివారు వాటిని నేల క్రింద ఉండే మహానాగం పిల్లలని నమ్మేవారు. వాల్వాసర్ అనే ప్రభువు 1689 లో తన దేశ చరిత్ర వ్రాస్తూ ఈ నమ్మకాన్ని కూడ పేర్కొన్నాడు. 1768 లో లౌరెంటి ఆ జంతువుకు ప్రోటియస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. అయితే అది వెన్నెముక గల జంతువు, నీటిలోనిది. వెన్నెముక లేని జీవులు గుహలోపల శాశ్వతంగా కాపురముంటవని అప్పటికి ఎవరూ ఊహించలేదు. ఆకు లేదు, పువ్వు లేదు, వెలుగు లేదు. పురుగుకు అక్కడ ఏమి పని?

1818 లో పోస్తోయ్నా గుహ లోపలి భాగాలకు దారి కనిపెట్టినవాడు లూకా చెచ్ అనే స్థానికుడు. గుహలో దీపాలు వెలిగించటం అతని పని. 1831 లో అతనికి ఒక వింత పెంకుపురుగు దొరికింది. మెడ దారంలా సన్నం, పొట్ట గుండ్రంగా ఉబ్బి గాజుబుడ్డిలా ఉన్నది, కాళ్ళు మీసాలు ఎంతో పొడవు, కన్నులు లేవు. ఆ పురుగు హోహెన్వార్ట్ అనే ప్రభువు చేతికి, ఆయన ద్వారా ల్యుబ్లియానా పట్టణంలో వర్తకం చేసుకొంటూ పురుగులను సేకరించే ఫెర్డినాండ్ ష్మిట్ చేతికి వచ్చింది. ష్మిట్ 1832 లో దానిని లెప్టోడైరస్ అని వర్ణించి ప్రకటించాడు. గుహకే పరిమితమైన పురుగుల శాస్త్రానికి అదే మొదలు. పురుగును మొదట కన్నవాడు దీపాలవాడైతే, పేరులో నిలిచినది మాత్రం ప్రభువు పేరు. శాస్త్ర చరిత్రలో ఇటువంటివి అరుదు కావు.

ఆ తరువాత ఐరోపా ప్రకృతి శాస్త్రజ్ఞులకు గుహలు యాత్రాస్థలాలైనవి. డెన్మార్కు దేశస్థుడు ష్యొట్ 1849 లో భూగర్భ జంతుజాలం మీద గ్రంథం వెలువరించాడు. 1854 లో వియన్నా నగరానికి చెందిన షీనర్ ఆ జీవులను మూడు తరగతులుగా విభజించాడు: గబ్బిలాలవలె పని మీద వచ్చిపోయే అతిథులు, లోపల బయట కూడ బ్రతకగలిగినవి, గుహను విడిచి ఎన్నడూ బయటకు రాలేనివి. మూడవ తరగతి మీదనే అందరి కుతూహలం. ఆ జీవులు తెల్లగా ఉన్నవి, వాటికి కన్నులు లేవు, కాళ్ళు మీసాలు పొడవు. ఇది ఎట్లా జరిగింది?

డార్విన్ 1859 నాటి తన మహాగ్రంథంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చింది. చీకటిలో కన్ను పనికిరాకపోయినా దానివలన హాని ఏముంటుంది. కనుక వాడకపోవటంవల్లనే కన్ను నశించిందని ఆయన అభిప్రాయపడినాడు. ప్రకృతివరణమే ప్రధానమని చెప్పిన మనిషి ఈ ఒక్కచోట లామార్కు దారికి దగ్గరగా వచ్చాడు. అమెరికాలో పాకర్డ్ 1888 లో ఆ దేశపు గుహల జీవులపై పెద్ద గ్రంథం వ్రాసి, గుహలోని గుడ్డితనం లామార్కు సిద్ధాంతానికే సాక్ష్యమని వాదించాడు. పక్షాలు వేరైనా చాలామంది తలలో ఉన్న చిత్రం ఒకటే. ఒకానొక కాలంలో కన్నులున్న జీవి గుహలో ప్రవేశించింది, తరతరాలు చీకటిలో గడిపింది, కన్ను పోయింది.

ఈ చిత్రంలో జెర్రి ఇమడదు. మట్టి జెర్రికి గుహలోకి పోకముందే కన్నులు లేవు. పొలంలో, తోటలో, నదిగట్టున ఉన్న దాని బంధువులన్నీ గుడ్డివే. అటువంటి జెర్రి ఒక గుహలో దొరికితే, గుహ దాని కన్నులు తీసిందని అనటానికి వీలు లేదు. చీకటి బ్రతుకుకు కావలసిన తయారీ చాలా వరకు మట్టిలోనే, ఎంతో ముందుగానే జరిగిపోయింది. జెర్రుల శిలాజాలు నలభై కోట్ల ఏళ్ళకు పైబడినవి ఉన్నవి. నేటి సున్నపురాతి గుహలు వాటి ముందు నిన్నటివి.

గుహకు మట్టికి మధ్యనున్న గోడను ఆలోచనలో కూలగొట్టినవాడు ఎమిల్ రకోవిట్సా. రుమేనియా దేశంలో 1868 లో జన్మించిన ఈ శాస్త్రజ్ఞుడికి మొదట గుహల మీద ఏ ఆసక్తీ లేదు. 1897 లో బెల్జియం నుంచి దక్షిణ ధ్రువ ప్రాంతానికి బయలుదేరిన బెల్జికా ఓడలో ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా వెళ్ళి, మంచులో చిక్కుకొన్న ఆ ఓడలో చలికాలమంతా గడిపి వచ్చినవాడు. తరువాత ఫ్రాన్సులోని బాన్యూల్స్ సముద్ర పరిశోధనాలయంలో పనిచేశాడు. 1904 లో సముద్ర జీవుల సేకరణకై మయోర్కా ద్వీపానికి పోయి, అక్కడి డ్రాక్ గుహలోని కొలనులో కన్నులు లేని తెల్లని చిన్న క్రస్టేషియన్ ఒకదానిని చూశాడు. దాని దగ్గరి బంధువులు సముద్రంలో ఉన్నవి. ఇది కొండ లోపలికి ఎట్లా వచ్చింది? ఆ ప్రశ్నతో ఆయన సముద్రం విడిచి పాతాళానికి దిగినాడు.

1907 లో ఆయన ప్రకటించిన వ్యాసం గుహాజీవశాస్త్రానికి పునాదిగా నేటికీ లెక్కకు వస్తుంది. అందులోని ముఖ్యమైన మాట విన్నప్పుడు చాలా సామాన్యంగా తోస్తుంది. మనిషి దూరగలిగిన రంధ్రానికి మనిషి గుహ అని పేరు పెట్టుకొన్నాడు. జీవికి ఆ కొలతతో నిమిత్తం లేదు. కొండ లోపల వేలు దూరని నెరియలు, వెంట్రుక దూరని పగుళ్ళు అనంతంగా వ్యాపించి ఉన్నవి. గుహాజీవుల అసలు నివాసం ఆ నెరియలే. గుహ అనేది ఆ ఇంటికి మనకు దొరికిన ఒక కిటికీ మాత్రమే. అందువల్లనే గుహలో ఒక జీవి నేడు కనబడి పదేళ్ళ వరకు మళ్ళీ కనబడకపోవటం. అది చచ్చిపోలేదు, తన ఇంట్లో తాను ఉన్నది. రకోవిట్సా ఫ్రెంచి మిత్రుడైన జానెల్‌తో కలసి ఎన్నో దేశాల గుహలు శోధించి, 1920 లో రుమేనియాలోని క్లూజ్ నగరంలో గుహాశాస్త్ర సంస్థ నెలకొల్పాడు. గుహల అధ్యయనానికే ఏర్పడిన సంస్థలలో ప్రపంచంలో అదే మొదటిది. ఆయన 1947 లో మరణించాడు.

సరిగ్గా ఆ రోజులలోనే ఇటలీలో మట్టిలోనికి మరొక కిటికీ తెరుచుకొన్నది. దాని ఖరీదు ఒక గరాటు. మట్టిలోని జీవులను అంతకుముందు చేతితో ఏరేవారు. కంటికి కనబడినది దొరికేది, కనబడనిది లేదనే లెక్క. వానపాముల మీద డార్విన్ 1881 లో వ్రాసిన గ్రంథం, అడవి మట్టి మీద డెన్మార్కు అటవీశాస్త్రజ్ఞుడు మ్యుల్లర్ చేసిన కృషి తప్ప మట్టి జీవుల సంగతి పెద్దగా పట్టించుకొన్నవారు లేరు. ఆంటోనియో బెర్లేసె అనే కీటకశాస్త్రజ్ఞుడు 1905 లో ఒక సులువు కనిపెట్టాడు. పెద్ద గరాటుపై జల్లెడ పెట్టి, అందులో మట్టి, ఆకుచెత్త వేసి, గరాటు చుట్టూ వేడినీళ్ళు నిలిపాడు. మట్టి పైనుంచి ఎండుతూ ఉంటే అందులోని జీవులు తడిని, చల్లదనాన్ని వెదుక్కొంటూ క్రిందికి దిగి, చివరకు గరాటు క్రింది సీసాలో పడతవి. స్వీడన్‌కు చెందిన టుల్గ్రెన్ 1918 లో వేడినీళ్ళకు బదులు విద్యుద్దీపం వాడినాడు. నేటి కళాశాలల ప్రయోగశాలలలో ఉన్నది ఇదే. ఈ విధంగా ఒక్క బొచ్చెడు అడవి మట్టిలోనుంచి వందల కొద్దీ గెంతుపురుగులు, మైట్లు, చిన్న జెర్రులు బయటపడసాగినవి. 1907 లో సిల్వెస్ట్రి ప్రొట్యూరా అనే కొత్త వర్గాన్నే మట్టిలో కనుగొన్నాడు. వాటికి కన్నులు లేవు సరికదా, మీసాలు కూడ లేవు. ముందరి కాళ్ళనే మీసాల వలె ఎత్తి పట్టుకొని తడుముకొంటవి. అవి కొండ లోపల కాదు, అందరి కాళ్ళ క్రిందనే ఉన్నవి!

మన దేశంలో గుహాజీవుల అన్వేషణ చెప్పుకోదగిన రీతిలో జరిగింది 1922 లో. 1916 లో ఏర్పడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన స్టాన్లీ కెంప్, బి. ఎన్. చోప్రా గారో కొండలలోని సీజూ గుహకు వెళ్ళారు. అది అప్పటి అస్సాములోను నేటి మేఘాలయలోను ఉన్నది. గారో భాషలో దాని పేరు దోబక్కోల్, అనగా గబ్బిలాల గుహ. లోపల ఏరు పారుతుంది. గబ్బిలాల పెంట గుట్టలుగా పడి ఉంటుంది. ఆ పెంటమీద, ఏటిలో, గోడలమీద వారు సేకరించిన జీవజాతులు వందకు పైగా తేలినవి. 1924 లో ఫలితాలు ప్రకటించారు. అయితే ఇన్ని జాతులలో గుహకే కట్టుబడినవని చెప్పదగినవి చాలా తక్కువ.

ఈ ఫలితం ఆనాటి ఐరోపా సిద్ధాంతానికి సరిపోయింది. మంచుయుగాలలో చలి తాకిడికి, తరువాత ఎండ తాకిడికి నేలపై నిలువలేక లోపలికి తప్పుకొన్న జీవుల అవశేషాలే గుహాజీవులని జానెల్ మొదలైనవారి నమ్మకం. ఉష్ణదేశాలకు మంచుయుగపు దెబ్బ అంతగా లేదు కనుక అక్కడ నిజమైన గుహాజీవులు ఉండవని తేల్చారు. ఈ తీర్పు చాలాకాలం చెలామణి అయింది. ఉండవని తెలిసిన తరువాత వెదికేవాడెవడు? 1971 లో ఫ్రాన్సిస్ హోవర్త్ హవాయి ద్వీపంలోని లావా సొరంగాలలో తెల్లని, కన్నులు లేని పురుగులను కనుగొనేవరకు అది కదలలేదు. ఉష్ణమండలం, పైగా భూగర్భశాస్త్రం లెక్కలో పసిపిల్లవంటి ద్వీపం! మంచునుంచి పారిపోయి రావటం కాదు, లోపల దొరికే ఆహారం కోసం కూడ జీవులు చీకటిలోకి పోతవని ఇక ఒప్పుకొనక తప్పలేదు.

1980 లో ఫ్రాన్సులోని మూలి పరిశోధనాలయానికి చెందిన జుబెర్తీ, ఆయన సహచరులు రకోవిట్సా మాటకు కండ కలిగించారు. మట్టి పొర అడుగున, గట్టిరాతికి పైన, విరిగిన రాళ్ళ మధ్య సందులు అల్లిబిల్లిగా ఉంటవి. అక్కడ ఎరలు పెట్టి చూస్తే గుహలలోనే ఉంటవనుకొన్న పురుగులు చిక్కినవి. ఆ చోట గుహ లేదు. సున్నపురాయి కూడ ఉండవలసిన అవసరం లేదు. మట్టి, సందులరాయి, నెరియ, గుహ — ఇవి ఒకే చీకటి రాజ్యంలోని ఊళ్ళు. జెర్రి వంటి సన్నని వేటగాడికి ఇన్ని ఊళ్ళమధ్య సరిహద్దు లేదు.

ఆ రాజ్యంలో అన్నిటికన్నా వింతైన ఊరు 1986 లో బయటపడింది. రుమేనియాలో నల్లసముద్రపు తీరాన, మంగాలియా పట్టణానికి దగ్గరలో విద్యుత్కేంద్రం కట్టదలచి నేల పరీక్షించటానికి బావి త్రవ్వుతుండగా ఒక గుహ తగిలింది. క్రిస్టియన్ లాస్కు లోనికి దిగి చూశాడు. మొవీలే అని పేరుపడిన ఆ గుహకు వెలుపలికి సహజమైన ద్వారమే లేదు. పైన దట్టమైన బంకమట్టి కప్పి, సుమారు 55 లక్షల ఏళ్ళుగా మూసుకొని ఉన్నదని అంచనా. అదే సంవత్సరం చెర్నోబిల్ ప్రమాదంలో రేగిన అణుధూళి ఆ ప్రాంతపు నేలమీద, చెరువులలో పడింది గాని గుహలో దాని జాడ లేదు. పైనుంచి నీటిచుక్క కూడ సులభంగా దిగటం లేదన్నమాట. లోపలి గాలిలో ప్రాణవాయువు బయటి దానిలో సగం కూడ లేదు. కుళ్ళిన గ్రుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు ఉన్నది.

ఇంతటి చోట జీవులు తిని బ్రతికేది ఏమిటి? నీటి మీద మీగడలా తేలే సూక్ష్మజీవుల తెట్టు. ఆ సూక్ష్మజీవులు సూర్యుడి వెలుగుతో పనిలేకుండా గంధకపు వాయువునుంచి శక్తి తీసుకొని ఆహారం తయారుచేస్తవి. షెర్బాన్ సర్బు, ఆయన సహచరులు 1996 లో ఈ సంగతి వివరించి, గుహలో 48 జంతుజాతులున్నవని, వాటిలో 33 మరెక్కడా లేనివని ప్రకటించారు. కన్నులు లేని నీటితేలు, జలగలు, సాలెపురుగులు, గెంతుపురుగులు ఉన్నవి. వాటినన్నిటినీ వేటాడే పెద్ద జెర్రి కూడ ఉన్నది.

ఆ జెర్రి అనేక సంవత్సరాలు శాస్త్రజ్ఞుల చేతిలోనే ఉన్నా దాని అసలు పేరు తెలియలేదు. అది ఐరోపాలో నేలపైన దొరికే క్రిప్టాప్స్ అనామలన్స్ అనే జాతి అనుకొన్నారు. రెండూ గుడ్డివే కావటం చేత కన్నులవైపునుంచి భేదం పట్టుకొనే దారి లేదు. చివరకు దేహ నిర్మాణాన్ని, డి. ఎన్. ఏ. ను పోల్చి చూసి, అది వేరే జాతి అని వాటెరా, స్టోయెవ్, అక్కరి అనే ముగ్గురు 2020 లో నిర్ణయించి క్రిప్టాప్స్ స్పీలియోరెక్స్ అని పేరు పెట్టారు. గుహారాజు అని అర్థం. ఆ రాజు పొడవు సుమారు రెండు అంగుళాలు. అంతకు ముందు 2015 లో క్రొయేషియా దేశపు వెలెబిట్ కొండలలో, నేలకు 1,100 మీటర్ల లోతున దొరికిన మట్టిజెర్రి బంధువుకు గ్రీకుల యమధర్మరాజైన హేడిస్ పేరిట జియోఫైలస్ హేడిసి అన్నారు. 1999 లో ఫ్రాన్సు గుహజెర్రికి ఆయన పట్టపురాణి పెర్సిఫొనీ పేరు వచ్చి ఉన్నది కనుక దంపతులను కలిపినట్లైంది. పొడవైన మీసాలు, సాగిన దేహఖండాలు, పొడవైన కాలిగోళ్ళు: గుహ ఈ జెర్రికి చేర్చినవి ఇవి. కన్నులు తీసిన పుణ్యం మాత్రం మట్టిదే.

ఇటువంటి జీవులకు పోవటానికి మరొక చోటు లేదు. ఒక్క కొండ, ఒక్క గుహ, అంతే. 1937 లో స్లొవేనియా గుహలలోని గుడ్డి పెంకుపురుగు ఒకదానికి హిట్లరు పేరు పెట్టారు. నామకరణ నియమాల ప్రకారం ఆ పేరు మార్చటానికి వీలు లేదు. ఆ పేరును కోరి కొనేవారుండటం చేత దొంగచాటుగా పట్టి అమ్మేవారు పుట్టి, ఏ పాపమూ ఎరుగని ఆ పురుగు ప్రాణానికే ముప్పు వచ్చింది. అయితే దొంగలకన్న సున్నపురాతి గనులు, పైనుంచి దిగే మురుగునీరు ఎక్కువ ప్రమాదకరం. నెరియలన్నీ ఒకదానితో ఒకటి కలసి ఉన్నవంటే, ఒకచోట పోసినది మరొకచోట తేలుతుందని కూడ అర్థం.

కర్నూలు ప్రాంతపు గుహలలోకి మొదట పోయిన శాస్త్రజ్ఞులు వెదికినది బ్రతికున్న జీవులను కాదు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884 లో బిల్లసర్గం గుహలను త్రవ్వించినది పూర్వపు జంతువుల ఎముకలకోసం. బెలుం గుహలను కూడ ఆయన ఆ ఏడే ప్రస్తావించాడు. పెద్ద జెర్రుల విషయంలో 1966 లో జాంగి భారతీయ స్కోలోపెండ్రా నిర్మాణాన్ని వివరిస్తూ వెలువరించిన గ్రంథం విద్యార్థులకు ఆధారమైంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో పనిచేస్తున్న జాహ్నవి జోషి, లండనుకు చెందిన ఎడ్జ్‌కూంబ్‌తో కలసి 2019 లో ఎత్మోస్టిగ్మస్ అనే జెర్రుల వంశావళిని డి. ఎన్. ఏ. ద్వారా పరిశీలించారు. ద్వీపకల్పంలో ఆ జెర్రుల శాఖలు ముందుగా దక్షిణ, మధ్య పడమటి కనుమలలో చీలినవని, ఆ వంశం మూలాలు గోండ్వానా అనే ప్రాచీన మహాఖండానికి పోతవని తేలింది.

గోండ్వానా నాటి బంధుత్వం నేల క్రింది నీటిలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1883 లో న్యూజిలాండులో చిల్టన్ ఒక బావినీటిలో ఫ్రియాటోయికస్ అనే గుడ్డి క్రస్టేషియన్‌ను కనుగొన్నాడు. సీజూ గుహకు వెళ్ళిన చోప్రాయే 1950 లో తివారీతో కలసి కాశీ బావులలో దాని దాయాదిని గుర్తించి నికోల్సియా కాశియెన్సే అని పేరు పెట్టాడు. 2011 లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, ఆస్ట్రేలియాకు చెందిన విల్సన్ ఆంధ్రప్రదేశ్ భూగర్భజలాలలో మరొక దాయాదిని కనుగొని ఆంధ్రకాయిడీస్ అనే కొత్త ప్రజాతిని స్థాపించారు. తెల్లని సన్నని జీవి. దానికీ కన్నులు లేవు. ఆస్ట్రేలియాలో వెలుతురున్న వాగులలో తిరిగే దాని చుట్టాలలో చాలావాటికి కన్నులు ఇంకా ఉన్నవి.